అమ్మ నిద్ర దొంగని నేనే!

రాత్రి రెండు గంటలు. బండి ఆపి, చప్పుడు కాకుండా మెట్లెక్కుతాను. మూడో మెట్టు మీదుండగానే లోపల గడియ తీసిన శబ్దం. తలుపు తెరుచుకుంటుంది. కొంగు భుజాల చుట్టూ కప్పుకుని అమ్మ.

"వచ్చావా నాన్నా... చారు వెచ్చబెట్టనా?"

"వద్దమ్మా. నువ్వింకా పడుకోలేదా?"

"ఇప్పుడే మెలకువ వచ్చిందిలే."

ఐదేళ్లపాటు, వారానికి ఆరు రాత్రులు మా ఇంట్లో వినిపించిన మాటలివి. దాదాపు ఒక్క అక్షరం కూడా మారలేదు. అప్పట్లో నేను పత్రికలో నైట్ డెస్కు మీద ఉండేవాణ్ని. సిటీ ఎడిషన్ ఆఖరి పేజీ వెళ్లేసరికి ఒంటిగంట దాటేది. హైదరాబాద్ ఖాళీ రోడ్ల మీద బండి నడుపుకుంటూ ఇల్లు చేరేసరికి ఆ వేళయ్యేది.

తాళంచెవి నా జేబులోనే ఉండేది. ఏం లాభం? అమ్మ లోపల గడియ పెట్టేది. మేం ఆ ఇంట్లోకి మారిన కొత్తలో పక్కవీధిలో దొంగలు పడ్డారు. "ఇంట్లో ఆడవాళ్లం, పసిపిల్ల... గడియ లేకుండా ఎలారా?" అనేది. పోనీ నేను తీస్తానని మా ఆవిడ అంటే- "పిల్ల లేచి ఏడుస్తుంది. నువ్వు పడుకో అమ్మాయ్. నాకెలాగూ నిద్ర పట్టదులే" అనేసేది.

నాకెలాగూ నిద్ర పట్టదులే. ఆ మాట మేం నమ్మేశాం. నమ్మడం మాకు సుఖంగా ఉంది కాబట్టి!

గుప్పిట బిగియని ఉదయాలు

అమ్మకి రుమటాయిడ్ ఆర్థరైటిస్. కీళ్లవాతం అంటాం చూడండి, అందులో ఒక రకం. వయసుతో మోకాళ్లు అరగడం వేరు, ఇది వేరు. మన ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే దారి తప్పి మన కీళ్ల మీద పడుతుంది. నేను నైట్ డెస్కుకి వెళ్లడానికి మూడేళ్ల ముందే అమ్మకి ఈ జబ్బు బయటపడింది.

దీని ప్రతాపమంతా పొద్దున్నే. లేచేసరికి వేళ్లు కొయ్యబారి ఉంటాయి. గుప్పిట బిగియదు. కాఫీ ఫిల్టర్ మూత తిరగదు. జడ అల్లుకోలేదు. గోరువెచ్చని నీళ్ల గిన్నెలో చేతులు పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చునేది. గంట, గంటన్నర గడిస్తే గానీ ఆ చేతులు ఆమె మాట వినేవి కావు. ఒకప్పుడు సంక్రాంతికి వాకిలి నిండా ముగ్గు పెట్టిన చేతులవి!

ఆ సమయంలో నేనేం చేస్తుండేవాణ్ని? నిద్రపోతుండేవాణ్ని. పదింటికి లేచేసరికి అమ్మ చేతిలో కాఫీ సిద్ధం. అప్పటికి ఆమె వేళ్లు సర్దుకునేవి. అంటే ఐదేళ్లపాటు అమ్మ జబ్బుని అసలు సమయంలో నేను చూడనేలేదన్నమాట.

మందులు వేయించడం, ఆస్పత్రికి తీసుకెళ్లడం మా ఆవిడ పని. మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. అందుకని ఆదివారం మాత్ర వేసుకోగానే క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టే బాధ్యత మా పాపది. అన్నీ పద్ధతిగానే సాగుతున్నాయి. అయినా కొన్ని నెలలుగా నొప్పులు తగ్గడం లేదు. రక్తపరీక్షల్లో అంకెలు దిగి రావడం లేదు.

డాక్టరుగారు అడిగిన ప్రశ్న

ఒకసారి మా ఆవిడ "ఈ సారి మీరూ రండి" అని పట్టుబట్టింది. వెళ్లాను. రుమటాలజిస్టు అమ్మ వేళ్లన్నీ ఒక్కొక్కటిగా నొక్కి చూశారు.

"పొద్దున లేచాక కీళ్లు వదులవడానికి ఎంతసేపు పడుతోందమ్మా?"

"గంటన్నర పడుతోందండీ."

"రాత్రిళ్లు నిద్ర ఎలా ఉంది?"

"బానే పడుతుందండీ."

మా ఆవిడ ఊరుకోలేదు. "అబద్ధం చెప్పకండి అత్తయ్యా. డాక్టరుగారూ, రోజూ రెండింటిదాకా హాల్లో కుర్చీలో కూర్చునే ఉంటారండీ. మళ్లీ ఐదింటికి లేచిపోతారు."

"ఎందుకమ్మా?" అన్నారాయన.

అమ్మ నావైపు ఒక్క క్షణం చూసి చూపు తిప్పుకుంది. "ఏదోలెండి... అలవాటు."

నేను నేల చూపులు చూశాను. డాక్టరుగారికి ఏం అర్థమైందో గానీ మందు మోతాదు కాస్త మార్చి, చివర్లో ఒక మాటన్నారు- "నిద్ర కూడా ఒక మందే అనుకోండి. ఈ మాత్రలకు బదులుగా కాదు, వీటితోపాటు."

మర్యాదకి చెప్పిన మాటా, నిజంగా అందులో ఏమైనా ఉందా? పాత్రికేయుణ్ని కదా, అనుమానం పుడితే ఊరుకోలేను. ఆ రాత్రి పేజీలు వెళ్లాక డెస్కులోనే కూర్చుని వెతకడం మొదలుపెట్టాను.

రాత్రి వేళ నెత్తురులో...

వేలు తెగితే ఆ చోటు ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది, నొప్పెడుతుంది. దాదాపు 2 వేల ఏళ్ల కిందట రోమన్ రచయిత సెల్సస్ ఈ నాలుగు లక్షణాలనూ రాసిపెట్టాడు. ఇదే ఇన్‌ఫ్లమేషన్. గాయం మానడానికి ఒళ్లు చేసే యుద్ధం. గాయం మానాక యుద్ధం ఆగిపోవాలి. ఆగకపోతేనే చిక్కు. కీళ్లవాతంలో జరిగేది అదే.

ఆ యుద్ధం ఎంత జోరుగా ఉందో చెప్పే గుర్తు ఒకటి రక్తంలో ఉంటుంది. పేరు సి-రియాక్టివ్ ప్రొటీన్. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని కనిపెట్టారు. అమ్మ ఫైల్లో సీఆర్‌పీ అని ఉండే అంకె ఇదే. దీన్ని తయారుచేసేది కాలేయం. తయారుచెయ్యమని కబురు పంపేవాటిలో ముఖ్యమైనది ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయనం.

ఈ ఇంటర్‌ల్యూకిన్‌కి ఒక గడియారం ఉంది. కీళ్లవాతం ఉన్నవాళ్లలో ఇది అర్ధరాత్రి దాటాక పెరుగుతూ తెల్లవారుజామున బాగా ఎక్కువవుతుంది. ఈ మంటను చల్లార్చడానికి ఒంట్లోనే పుట్టే కార్టిసాల్ ఉంది గానీ, ఆ జోరుకి అది చాలదు. పొద్దున్నే వేళ్లు కొయ్యబారడానికి ఇదొక కారణం. మన ఒంట్లోని ఈ రేయింబవళ్ల గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురు అమెరికన్లకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ సంగతిని వైద్యానికి వాడుకున్నవాళ్లూ ఉన్నారు. 2008లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన చూడండి. 288 మంది కీళ్లవాతం రోగుల్లో కొందరికి మామూలు ప్రెడ్నిసోన్ మాత్ర పొద్దున ఇచ్చారు. మిగతావాళ్లకి రాత్రి పడుకునేముందు వేసుకుంటే రెండింటి ప్రాంతంలో కరిగే ప్రత్యేకమైన మాత్ర ఇచ్చారు. మందు అదే, వేళ మాత్రమే వేరు. 12 వారాల తర్వాత, రాత్రి మాత్ర వేసుకున్నవాళ్లలో పొద్దుటి బిగుసుదనం సగటున 44 నిమిషాలు తగ్గింది. పొద్దున మాత్ర వేసుకున్నవాళ్లలో పెద్దగా మార్పు లేదు. (ఇది చదివి ఇంట్లో ఉన్న మాత్రల వేళ మార్చేయకండి. అది డాక్టర్లు తేల్చాల్సిన విషయం.)

పదకొండు నుంచి మూడు దాకా

ఆ తర్వాత చదివింది నన్ను కుర్చీలోంచి లేవనివ్వలేదు.

లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మైకేల్ ఇర్విన్ అనే వైద్యుడు ఏళ్లుగా నిద్రకీ ఇన్‌ఫ్లమేషన్‌కీ ఉన్న సంబంధాన్ని పరిశోధిస్తున్నారు. 2012లో ఆయన బృందం ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించింది. 27 మంది కీళ్లవాతం ఉన్నవాళ్లు, 27 మంది ఆరోగ్యవంతులు. అందర్నీ ఒక్క రాత్రి కొన్ని గంటలపాటు మేలుకొని ఉండమన్నారు. మర్నాడు చూస్తే... కీళ్లవాతం ఉన్నవాళ్లలో నొప్పి పెరిగింది. నొప్పెడుతున్న కీళ్ల సంఖ్యా పెరిగింది. నీరసం, దిగులు కూడా ఆరోగ్యవంతులకన్నా వీళ్లలోనే ఎక్కువ.

వాళ్లని మేలుకొని ఉండమన్న వేళలు ఏవో తెలుసా? రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజాము మూడు దాకా!

అమ్మ హాల్లో కుర్చీలో కూర్చునే వేళలు. వాళ్లు ప్రయోగశాలలో ఒక్క రాత్రి చేసింది, నేను మా ఇంట్లో ఐదేళ్లు చేశాను.

ఇక్కడ న్యాయంగా కొన్ని చెప్పుకోవాలి. 27 మంది అంటే చిన్న ప్రయోగం. ఒక్క రాత్రి ఫలితాన్ని ఐదేళ్లకు లెక్కకట్టకూడదు. నిద్ర చాలకపోవడం వల్లే అమ్మకి జబ్బు వచ్చిందనీ అనలేం. నా డ్యూటీకన్నా ముందే వచ్చింది కదా. కానీ నిద్రకీ ఒంట్లోని ఈ మంటకీ సంబంధం ఉందన్నది ఒక్క ప్రయోగంతో తేలిన మాట కాదు. 2016లో ఇర్విన్ బృందమే 72 అధ్యయనాలను కలిపి చూసింది. మొత్తం 50 వేలమందికి పైగా. నిద్ర సరిగా పట్టనివాళ్లలో సీఆర్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-6 ఎక్కువగా కనిపించాయి. మరీ ఎక్కువసేపు నిద్రపోయేవాళ్లలోనూ అంతే.

జబ్బు లేనివాళ్లకీ ఇందులో పాఠం ఉంది. 2015లో 164 మంది ఆరోగ్యవంతుల ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి చూశారు. రాత్రికి ఆరుగంటలలోపే నిద్రపోయేవాళ్లకి, ఏడుగంటలకు పైగా పడుకునేవాళ్లకన్నా జలుబు చేసే అవకాశం నాలుగు రెట్లు ఎక్కువగా ఉంది.

నొప్పి వల్ల నిద్ర రాదు. నిద్ర లేకపోతే నొప్పి పెరుగుతుంది. గానుగెద్దు తిరిగినట్టు ఒకదాని వెనక ఒకటి. ఆ తిరుగుడు ఎక్కడో ఒకచోట ఆపాలి. మా ఇంట్లో ఆపాల్సిన చోటు తలుపు దగ్గరే ఉంది.

కొత్త తాళం

మర్నాడు పదింటికి బదులు ఆరున్నరకే లేచాను. కిటికీ దగ్గర గిన్నెలో చేతులు పెట్టుకుని అమ్మ. నన్ను చూడగానే చేతులు బయటికి తీసి కొంగుతో తుడుచుకుంది, తప్పుచేస్తూ దొరికిపోయినట్టు. "ఏంట్రా ఇంత పొద్దున్నే? ఉండు, కాఫీ కలుపుతా."

"నువ్వు కూర్చో అమ్మా" అని ఫిల్టర్ మూత నేనే తీశాను. చాలా గట్టిగా బిగిసి ఉంది.

ఆ వారమే వడ్రంగిని పిలిచి గడియ తీయించేశాను. దాని స్థానంలో లోపల్నుంచీ బయట్నుంచీ చెవితో తీసే గట్టి తాళం బిగించాం. అమ్మ నాలుగైదుసార్లు వేసి తీసి చూసుకుంది. "దొంగలకి రాదుగా?" అంది. "ఉన్న దొంగ ఒక్కడే అమ్మా, వాడికి చెవి ఇచ్చేశాం" అన్నాను. నవ్వింది గానీ ఎందుకన్నానో అర్థమైనట్టు లేదు. అర్థమైనా ఒప్పుకోదు.

తాళం మారితే నిద్ర వచ్చేస్తుందా? రాలేదు. మొదటి రాత్రి తలుపు తీసుకుని లోపలికి వెళ్తే హాల్లో చీకట్లో కూర్చునే ఉంది! ఏళ్ల అలవాటు మరి. దీర్ఘకాలం నిద్ర పట్టనివాళ్లకి మొదట నిద్రమాత్రలు కాదు, అలవాట్లనూ ఆలోచనలనూ మార్చే చికిత్స ఇవ్వాలని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ సిఫార్సు చేసింది. డాక్టరుగారు అమ్మకీ అలాంటి సూత్రాలే చెప్పారు. రోజూ ఒకే వేళకి లేవాలి. నిద్ర వచ్చినప్పుడే మంచమెక్కాలి. పట్టకపోతే మంచం మీద దొర్లకుండా కాసేపు లేచి కూర్చోవాలి. మధ్యాహ్నం ఎక్కువసేపు పడుకోకూడదు. అమ్మ కొన్ని పాటించింది, కొన్ని పాటించలేదు.

కొన్ని నెలలకి నేను ఆదివారం అనుబంధానికి మారాను. పగటి డ్యూటీ. ఇప్పుడు అమ్మ చేతులు అరగంటలో సర్దుకుంటున్నాయి. మారిన మందు వల్లా, నిద్ర వల్లా? విడదీసి చెప్పలేనన్నారు డాక్టరుగారు. రెండూ అనుకుంటున్నాం మేం.

ఇది మా ఒక్క ఇంటి కథే అయితే రాసేవాణ్ని కాదు. నైట్ డ్యూటీ చేసే నర్సు ఇంట్లో, ఆర్టీసీ డ్రైవర్ ఇంట్లో, అమెరికా వేళల్లో పనిచేసే సాఫ్ట్‌వేర్ కుర్రాడి ఇంట్లో తలుపు వెనక ఎవరో ఒకరు మేలుకునే ఉంటారు. అక్కడి మధ్యాహ్నం ఇక్కడి అర్ధరాత్రి కాబట్టి, డాలస్‌లో ఉన్న కూతురి ఫోన్ కోసం గుంటూరులో ఒక తల్లి నిద్ర ఆపుకుంటూ ఉంటుంది. అడిగితే అందరిదీ ఒకటే జవాబు... 'నాకెలాగూ నిద్ర పట్టదులే'. ఒక్కసారి ఆ మాట నమ్మకుండా చూడండి.

మొన్న రాత్రి మంచినీళ్ల కోసం లేచాను. గడియారంలో రెండయింది. హాల్లో అమ్మ నిలబడి ఉంది. గుమ్మం పక్క చెప్పుల స్టాండు వైపు వంగి చూస్తోంది. నా చెప్పులు ఉన్నాయో లేదోనని!

ఉన్నాయి. చూసుకుని వెళ్లి పడుకుంది.