చివరి ఘడియలో మారుమనస్సు

చనిపోబోతున్న మనిషి ఆఖరి రోజుల్లోనైనా క్రీస్తును ఒప్పుకుంటాడని అతణ్ని ప్రేమించేవారు పెట్టుకునే ఆశకు మూలం లూకా సువార్త 23వ అధ్యాయంలో ఉంది. యేసుకు అటూ ఇటూ సిలువ మీద వేలాడిన ఇద్దరు నేరస్థుల్లో ఒకడు తనను జ్ఞాపకం చేసుకోమని అడుగుతాడు. పరదైసు వాగ్దానం అతనికి ఆ రోజే దొరుకుతుంది. అతను బాప్తిస్మం తీసుకోలేదు, సంఘంలో చేరలేదు, చేసిన తప్పు దిద్దుకునే వ్యవధి కూడా అతనికి లేదు. తండ్రి కోసమో భర్త కోసమో ఏళ్ల తరబడి ఉపవాస ప్రార్థనలు చేసే తెలుగు క్రైస్తవులు ఆసుపత్రి వరండాలో గట్టిగా పట్టుకుని కూర్చునేది ఈ దొంగ కథనే. రెండో నేరస్థుడు అంతే దూరంలో ఉండి హేళన చేశాడన్న సంగతి కూడా అదే అధ్యాయంలో ఉంది. ఆ ఇళ్లలో అందరికీ అదీ తెలుసు. నిద్రపట్టని రాత్రుల్లో వారిని వేధించేది ఆ రెండోవాడే.

ఈ ఆశకూ వైద్యానికీ ఒక మాట ఉమ్మడిగా ఉంది. గ్రీకులో 'క్లీనే' అంటే మంచం. రోగి మంచం దగ్గర జరిగే వైద్యానికి 'క్లినికల్' అన్న పేరు అక్కణ్నుంచే వచ్చింది. తొలి శతాబ్దాల సంఘంలో మంచాన పడ్డాక బాప్తిస్మం పొందినవారిని కూడా ఆ మాటతోనే 'క్లినిసి' అనేవారు. వారి మీద అనుమానం అప్పుడే మొదలైంది. జబ్బులో బాప్తిస్మం పొందినవాడి విశ్వాసం ఇష్టంతో వచ్చింది కాదని, గత్యంతరం లేక వచ్చిందని, కాబట్టి అతణ్ని సంఘానికి పెద్దగా నియమించరాదని 315 ప్రాంతంలో నియోకైసరియ సభ తీర్మానించింది. అంతకు ముందు శతాబ్దంలోనే కార్తేజ్ బిషప్ సిప్రియన్, మంచం మీద చల్లిన నీళ్లతో వచ్చే కృప ఏమీ తక్కువది కాదని వాదించాడు. కాన్‌స్టాంటైన్ చక్రవర్తి 337లో చనిపోబోయే ముందే బాప్తిస్మం తీసుకున్నాడు.

ఇష్టమా, గత్యంతరం లేకనా అన్న ఈ ప్రశ్న తెలుగు నేల మీద ఒకసారి చాలా పెద్ద ఎత్తున ఎదురైంది. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేల మందికి పని, కూలి చూపించాడు. ఆ పని నడిచినంత కాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మం అడిగినవారికి ఇవ్వలేదు. గంజి కోసం వచ్చేదెవరో, ప్రభువు కోసం వచ్చేదెవరో ఆకలి తీరితేగానీ తేలదు కదా. సాయం పనులు ముగిశాకే జనాన్ని నీళ్లలోకి దిగనిచ్చాడు. 1878 జులై 3న ఒక్కరోజే వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. క్లౌ దొరకు ఆగే వ్యవధి ఉంది. ప్రాణం పోతున్నవాడి దగ్గర అది ఉండదు కాబట్టి, అతని ఇష్టాన్ని కాపాడే పని మంచం చుట్టూ ఉన్నవారి మీద పడుతుంది.

హైదరాబాద్ శివారు కోకాపేటలో ఆ మంచం చాలాసార్లు ఇరవయ్యో ముప్పయ్యో అంతస్తులో ఉంటుంది. 2023 ఆగస్టులో నియోపోలిస్ వేలంలో ఎకరం వంద కోట్లు దాటిన ఊరు ఇది. ఇక్కడి టవర్లలో ఉండే ఐటీ ఉద్యోగులు జబ్బు ముదిరాక తల్లిదండ్రుల్ని చీరాల నుంచో, నరసరావుపేట నుంచో, ఖమ్మం నుంచో తెచ్చుకుంటారు. అద్దెకు తెచ్చిన ఆసుపత్రి మంచం, ఆక్సిజన్ కాన్సంట్రేటర్, మార్ఫిన్ మాత్రలు, రాత్రికి ఒక నర్సు: వైద్యానికి లోటుండదు. ఊళ్లో నలభై ఏళ్లుగా ఎరిగిన పాస్టర్ గారు మాత్రం పక్కన ఉండరు. ఇక్కడి పాస్టర్ వస్తే గేటు దగ్గర సెక్యూరిటీ యాప్‌లో అనుమతి కోసం నిలబడాలి, ముక్కూ మొహం తెలియని రోగి పక్కన కూర్చోవాలి, అరగంటలో ఆత్మ సంగతి ఎత్తాలి. పరిచయం లేనివారి నోట ఆ మాట బరువుగానే వినిపిస్తుంది. ఊరి పాస్టర్ గారు వాట్సాప్ వీడియోలో "ఏం మాస్టారూ, బాగున్నారా?" అన్నప్పుడు రోగి మొహంలో వచ్చే వెలుగు వేరు.

ఇంత చేసీ కుటుంబాలు చేసే పెద్ద పొరపాటు దాపరికం. "క్యాన్సరని ఆయనకు చెప్పకండి డాక్టర్ గారూ, తట్టుకోలేరు" అన్నది మతంతో పని లేకుండా దాదాపు ప్రతి ఇంట్లో వినిపించే మాటే. విశ్వాసుల ఇళ్లలో దీని మీద ఇంకో పొర ఉంటుంది. చావు పేరెత్తితే స్వస్థత మీద నమ్మకం లేనట్టు అవుతుందని భయం. దాంతో మంచం పక్కన స్వస్థత కోసం ప్రార్థన గట్టిగానూ, రక్షణ కోసం ప్రార్థన వంటింట్లో చాటుగానూ సాగుతాయి. పోతున్నానని తెలియని మనిషి ఆఖరి నిర్ణయం ఎలా తీసుకుంటాడు? సిలువ మీది దొంగకు తన సంగతి పూర్తిగా తెలుసు. అతని ప్రార్థన పుట్టింది ఆ ఎరుకలోంచే. చావు సంగతి దాచిపెట్టి మారుమనస్సు కోసం ఎదురుచూసేవారు, తాము అడుగుతున్న వరానికి తామే తలుపు మూస్తున్నారు.

క్లోమం క్యాన్సర్‌తో ఉన్న ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు కేసులో ఇదే జరిగింది. భార్య బాప్టిస్టు సంఘంలో పెద్ద విశ్వాసి. ఆయన ప్రతి ఆదివారం ఆమెను స్కూటర్ మీద చర్చి గేటు దాకా దింపి, ఆరాధన అయ్యేదాకా బయట వేపచెట్టు కింద పేపరు చదువుకుంటూ కూర్చునేవారు. లోపలికి ఒక్కసారీ రాలేదు. కోకాపేటకు తెచ్చాక కొడుకు రిపోర్టులు దాచాడు. కామెర్లు వస్తే లివర్ ఇన్ఫెక్షన్ అన్నారు. ఒక రాత్రి మూడు గంటలకు ఆయన నర్సును అడిగారు: "నాకింకా ఎన్నాళ్లుందమ్మా? వీళ్లు చెప్పరు. తెలిస్తే మా ఆవిడతో మాట్లాడుకోవాల్సినవి ఉన్నాయి." మర్నాడు వైద్యుడు కొడుకును ఒప్పించి, ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో ముందు రోగినే అడిగి, అప్పుడు చెప్పారు. ఆయన చాలాసేపు తన గోళ్ల పసుపు చూసుకున్నారు. తరవాత భార్యను పిలిచి, "ఇన్నేళ్లూ లోపల కూర్చుని నా గురించి ఏం అడిగేదానివి?" అన్నారు. ఆమె చెప్పింది. ఆ రోజు నుంచి రోజూ పొద్దున ఆమె ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెచ్చుకుని పాడేది. ఏ పాట పాడాలో పేజీ తిప్పి చూపించేది ఆయన.

ఆ మాటలకు కూడా గడువు ఉంటుంది. కాలేయం, మూత్రపిండాలు పనిచేయక రక్తంలో పేరుకునే మలినాలు, సోడియం, కాల్షియం తేడాలు, ఇన్ఫెక్షన్, కొన్ని మందులు కలిసి మెదడును మసకబారుస్తాయి. వైద్యులు డెలీరియం అనే ఈ స్థితి చివరి రోజుల్లో చాలామందికి వస్తుంది. కొందరు కేకలు వేస్తారు, లేచి పోబోతారు. ఇంకొందరు మగతగా పడి ఉంటారు, దాన్ని ఇంట్లోవారు ప్రశాంతత అనుకుంటారు. ఆ మగతలో 'ఊఁ' అన్న జవాబుకు విలువ లేదు. "ప్రభువును నమ్ముతున్నావా నాన్నా?" అన్నా ఊఁ, "ఇప్పుడు మనం రైల్లో ఉన్నామా?" అన్నా ఊఁ. తప్పంతా మార్ఫిన్ మీదికి నెట్టడం కూడా సరికాదు. సరైన మోతాదులో ఇస్తే మెలికలు తిరిగే మనిషి కూర్చుని మాట్లాడగలుగుతాడు. విపరీతమైన నొప్పిలో ఉన్నవాడి చెవికి ఏ దేవుడి మాటా ఎక్కదు. మాదకద్రవ్యాల చట్టానికి 2014లో జరిగిన సవరణ ఈ మందుకున్న అడ్డంకుల్ని తగ్గించింది. కోకాపేటకు దగ్గరలోనే ఖాజాగూడలో ఉన్న స్పర్శ్ హాస్పిస్ లాంటి చోట్ల జరిగే సేవలో సగం ఇదే: నొప్పి తీసేసి, మనిషిని తన మాట తాను చెప్పుకోనివ్వడం. మనసు విప్పి మాట్లాడాల్సినవి ఉంటే మందు వేళలు చూసుకుని, రోగి తేటగా ఉండే పూట ఎంచుకోమని వైద్యులు చెబుతారు.

మాట పూర్తిగా పడిపోయాక కుటుంబం సైగల్లో జవాబు వెతుక్కుంటుంది. మెదడులో రక్తస్రావమై ఐసీయూలో ఉన్న తండ్రి అరచేతిలో కూతురు తన వేళ్లు పెట్టి, "యేసయ్యను ఒప్పుకుంటే నా చెయ్యి నొక్కు నాన్నా" అంది. చెయ్యి బిగుసుకుంది. ఆమె డ్యూటీ డాక్టరు వైపు తిరిగి, "నొక్కారు, మీరూ చూశారు కదా?" అని అడిగింది. అరచేతిని తాకగానే వేళ్లు ముడుచుకోవడం పసిబిడ్డలందరిలో ఉంటుంది. మెదడు ముందుభాగం దెబ్బతింటే పెద్దవాళ్లలోనూ అది తిరిగొస్తుంది. రెప్ప పూర్తిగా పడని కంటి నుంచి ఏడుపుతో సంబంధం లేకుండా నీళ్లు కారతాయి. తెలిసి చేస్తున్నాడో లేదో చూడాలంటే నొక్కమనడం చాలదు, వదలమంటే వదలాలి. ఆ తండ్రి వదల్లేదు. వైద్యుడు చూడని సాక్ష్యం చెప్పలేడు. అలాగని, లోపల ఏమీ జరగడం లేదని కొట్టిపారేసే ఆధారమూ అతని దగ్గర లేదు. వాంకూవర్‌లోని హాస్పిస్ రోగుల మీద చేసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, స్పందన లేని స్థితిలో ఉన్న కొందరి మెదళ్లు శబ్దాలకు ఆరోగ్యవంతుల మెదళ్ల లాగే స్పందించాయి. విన్నది అర్థమైందో లేదో అది చెప్పదు. మాట్లాడమని, పాడమని కుటుంబాన్ని ప్రోత్సహించడానికి మాత్రం అది చాలు. ఆ కూతురికి డాక్టరు చెప్పింది కూడా అంతే: "చెయ్యి సంగతి నేను చెప్పలేనమ్మా. వింటున్నారేమో, మీరు మాట్లాడండి."

స్పృహ లేనివారికి బాప్తిస్మం ఇవ్వడం కొత్త సంగతి కాదు. అగస్టీను 'ఒప్పుకోలు' నాలుగో భాగంలో తన స్నేహితుడి సంగతి చెబుతాడు. జ్వరంలో తెలివి తప్పి ఉండగా ఆ స్నేహితుడికి బాప్తిస్మం ఇచ్చేశారు. తేరుకున్నాక అగస్టీను దాన్ని వేళాకోళం చేయబోతే అతను గట్టిగా మందలించాడు. కొద్ది రోజులకే చనిపోయాడు. అతను తేరుకోబట్టి ఒప్పుకున్నాడని తెలిసింది. ఇప్పటి కతోలిక నియమం, మరణాపాయంలో ఉన్న పెద్దవారు ఏదో ఒక విధంగా కోరిక తెలియజేసి ఉండాలంటుంది. ముంచి ఇచ్చేదే బాప్తిస్మమనే బాప్టిస్టు, బ్రదరెన్ సంఘాలకు ఇంకో చిక్కు ఉంది. మెడలో సెంట్రల్ లైను, మూత్రానికి గొట్టం ఉన్న మనిషిని తొట్టిలో దించడానికి వైద్యులు ఒప్పుకోరు. కొందరు పాస్టర్లు అక్కడ పట్టు సడలించి నీళ్లు పోసి ఇస్తారు, కొందరు ఒప్పుకోలు ఒక్కటే చాలంటారు. ప్రభువు బల్ల రొట్టె కూడా మింగలేని రోగికి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది, కాబట్టి ద్రాక్షారసంలో తడిపి పెదవికి తాకిస్తే మంచిది. తులసి తీర్థమైనా, జమ్‌జమ్ నీళ్లయినా వైద్యులు చెప్పే జాగ్రత్త ఇదే.

మంచం మీది బాప్తిస్మాలన్నీ భయంతో వచ్చేవి కావు. ఇరవై ఏళ్లుగా చర్చికి వెళుతూ, కానుకలిస్తూ, బాప్తిస్మం మాత్రం తీసుకోనివారు తెలుగునాట చాలామంది ఉన్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడికి ఎస్సీ హోదా పోతుంది. పిల్లల చదువు, ఉద్యోగం చూసుకుని తండ్రి ఆగిపోతాడు. అలాంటి ఒక పెద్దాయన, కొడుకు వద్దంటున్నా వినకుండా, "నీ సర్టిఫికెట్ నీకుంది, నా ప్రభువును నాకియ్యి" అని స్టీలు చెంబుతో నీళ్లు తెప్పించుకున్నాడు. అది చివరి ఘడియ నిర్ణయమని ఎవరనగలరు?

వద్దన్నవారి మాటకూ అంతే బరువు ఉండాలి. కోడలు రోజూ బైబిలు చదివి వినిపించే ఒక మామగారు, వైద్యుడు అందరినీ బయటికి పంపి అడిగినప్పుడు ఇలా అన్నారు: "ఆ అమ్మాయి మంచిది, నొప్పించలేక వింటున్నాను. నేను మాత్రం నారాయణా అనుకుంటూనే పోతాను." భాగవతం ఆరో స్కంధంలోని అజామిళుడి కథ విని పెరిగిన మనిషి ఆయన. ఆఖరి మాట మీద ఆయనకూ తన ఆశ ఉంది. ఆ మాట కోడలికి చెప్పే పని వైద్యుడి మీద పడింది. ఆమె ఏడ్చింది. మామగారి పక్కన చదవడం మానేసింది, ప్రార్థన మానలేదు. రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చిన ప్రచార హక్కులో ఇంకొకరి మతం మార్చే హక్కు లేదని సుప్రీంకోర్టు 1977లో చెప్పింది. మంచం దగ్గర ఆ గీత మరింత సన్నగా ఉంటుంది, ఎందుకంటే తల తిప్పుకోవడానికి కూడా రోగికి ఇంకొకరి సాయం కావాలి. అందుకే ఒంటరిగా అడగడం తప్పనిసరి.

ప్రాణం పోయాక ఇంట్లోవారు రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు కోసం వెతుకుతారు. "చివర్లో ఏమైనా అన్నారా సిస్టర్?" అన్నది అన్ని ఇళ్లలోనూ అడిగే ప్రశ్న. జాలిపడి లేని మాట కల్పిస్తే ఆ రోజుకు ఓదార్పు దక్కుతుంది, కానీ ఆ కుటుంబం బతికినన్నాళ్లూ ఆ అబద్ధం మీద ఆనుకుని ఉండాల్సి వస్తుంది. చూసింది చూసినట్టు రాసి ఉంచితే ఎవరికి కావలసింది వారు అందులో వెతుక్కోగలరు. హెడ్మాస్టరు బాప్తిస్మం అడగలేదు, వద్దనీ అనలేదు. నిజం తెలిసిన తొమ్మిదో రోజు తెల్లవారుజామున పోయారు. ఆయన భార్య ఇప్పటికీ తన బైబిల్లో మడిచి పెట్టుకున్న నర్సింగ్ నోట్సు కాగితంలో ఇలా ఉంది: "3:10. నీళ్లు అడిగారు. దూదితో పెదవులు తడిపాం. 3:25. భార్య పాట పాడుతున్నారు. ఆమె ఆపితే కళ్లు తెరుస్తున్నారు. పాడితే మూసుకుంటున్నారు. 4:40. శ్వాస ఆగింది. చెయ్యి భార్య చేతిలో ఉంది."