గంపలు వెళ్లిపోయాక

హైదరాబాదు మోజంజాహీ మార్కెట్టులో మా చిన్నాయన పండ్ల కమీషన్ దుకాణం గుమాస్తా. సాయంత్రం ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తే గదంతా వరిగడ్డి, మాగిన మామిడి వాసన. ఎండాకాలం సెలవులకు నల్గొండ నుంచి వచ్చి వాళ్లింట్లో దిగేవాణ్ని. మధ్యాహ్నం ఆయనకు టిఫిన్ డబ్బా మోసుకెళ్లడం నా పని.

ఆ మార్కెట్టును 1935లో కట్టారనీ, చివరి నిజాం రెండో కొడుకు మొజ్జం జా పేరు పెట్టారనీ చాలా ఏళ్లకు తెలిసింది. అప్పట్లో ఆ రాతి గోడల వైపు, గడియారం గోపురం వైపు తలెత్తి చూసిన జ్ఞాపకమే లేదు. చూపంతా కాళ్ల దగ్గరే. బత్తాయి తొక్కలు, తడిగడ్డి, వెనక నుంచి "బాజూ, బాజూ!" అంటూ గంపతో దూసుకొచ్చే హమాలీ.

బేరాలు మాత్రం కళ్లప్పగించి చూసేవాణ్ని. ఇద్దరు మనుషులు రుమాలు కింద చేతులు కలిపేవారు. వేళ్లు నొక్కడమే ధర చెప్పడం, నోట ఒక్క అంకె రాదు.

"ఎంతకు తెగింది చిన్నాయనా?"

"నీకెందుకుర? తెచ్చిన రైతుకే తెల్వదు."

నవ్వుతూనే అన్నాడు. తలకు తువ్వాలు చుట్టుకుని గంపల పక్కన కూర్చున్న రైతు మాత్రం నవ్వలేదు. ఆయన మొహం ఇప్పుడు గుర్తు రాదు. ఆ తువ్వాలు అంచు ఎరుపన్నది గుర్తుంది, అంతే.

పండ్ల మార్కెట్టు 1980ల్లో కొత్తపేటకు తరలిపోయింది. చిన్నాయనా దాని వెంటే వెళ్లాడు. తర్వాత అక్కణ్నుంచీ ఎత్తేసి బాటసింగారం పంపారు గానీ, అప్పటికి ఆయన కొలువు మానేశాడు. గంపలు పోయినా మోజంజాహీలో ఐస్‌క్రీం దుకాణాలు కదల్లేదు. మామిడి, సీతాఫలం, ఏ కాలానికి ఆ పండు. ఐస్‌క్రీం పండ్ల మార్కెట్టుకు పుట్టిన బిడ్డేనని, తల్లి పోయినా బిడ్డ బతికిందని చిన్నాయన వాదం. నాకూ అదే సబబనిపిస్తుంది.

1990 డిసెంబరు అల్లర్లలో, కర్ఫ్యూ సడలించిన ఒక పూట పాల కోసం బయల్దేరి అటుగా వెళ్లాను. షట్టర్లన్నీ కిందికే ఉన్నాయి. ఒక అత్తరు దుకాణానిది సగం లేచి ఉంది. లోపలి పెద్దాయన ఏమీ అడక్కుండానే దూది ఉండ తడిపి నా చేతిలో పెట్టాడు. పాలు దొరికాయో లేదో చెప్పలేను. ఆ వాసనతో ఇంటికెళ్తే మా ఆవిడ తిట్టింది, ఊరు తగలబడుతుంటే సోకులా అని.

తర్వాత ఏళ్లకేళ్లు ఆ మార్కెట్టు మసి పట్టి, నెత్తిన తీగలు వేలాడుతూ పడి ఉంది. బాగుచేసి 2020 ఆగస్టులో తెరిచారు. మెట్రోలో గాంధీభవన్ స్టేషన్‌లో దిగి, చిన్నాయనను మెల్లగా నడిపించుకెళ్లాను. కడిగిన రాళ్లు, మధ్య ఆవరణలో ఖాళీ జాగా, ఫొటోలు దిగే పిల్లలు. ఆయన తలెత్తి చాలాసేపు చూశాడు.

"ఇది గింత ఎత్తుంటదార?"

ఏళ్ల తరబడి అక్కడే లెక్కలు రాసిన మనిషి! నాకు నవ్వాగలేదు. శుభ్రంగా ఉన్న మాట నిజమే. కానీ నాకెందుకో అది కొనుక్కునే చోటులా కాక చూసిపోయే చోటులా తోచింది. ఆ మాట ఆయనతో అనలేదు. ఆయన ఆరా వేరే.

"రాళ్లు మంచిగ కడిగిన్రు. గిరాకి ఉందా మరి?" అని ఐస్‌క్రీం కుర్రాణ్ని అడిగాడు.

"ఆదివారం వచ్చి చూడు తాతా, నిలబడే జాగా ఉండదు."

ఆ జవాబుతో తృప్తిపడి సీతాఫలం తిన్నాడు. అయ్యాక ఇంకో కప్పు చెప్పాడు. షుగరుంది కదా అన్నాను. బిల్లు నా జేబులో పెట్టుకోమని, చిన్నమ్మ అడిగితే రెండూ నేనే తిన్నానని చెప్పమన్నాడు.