సున్నా వడ్డీ అంటే నూటికి ఎంత?



ఈ పేజీలో టీచర్లం మామూలుగా పిల్లల చదువు గురించి రాస్తుంటాం. ఈసారి పెద్దవాళ్లు చదవాల్సిన ఒక పాఠం గురించి రాస్తున్నాను. టర్మ్ ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, బస్సు ఫీజు అన్నీ ఒకేసారి మీదపడిన నెలలో మనలో చాలామంది కార్డు గీస్తాం. ఆ బాకీ తీరకముందే మరో బ్యాంకు నుంచి ఫోన్ వస్తుంది. "మీ పాత కార్డు బాకీని మా కార్డుకు మార్చుకోండి, మూడు నెలలు వడ్డీ లేదు" అంటారు. దీన్నే బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అంటారు. వినగానే ప్రాణం లేచివచ్చినట్టు ఉంటుంది. ఒప్పుకునే ముందు ఏం చదవాలో, ఏం లెక్క వేయాలో చెప్పాలని ఈ నాలుగు మాటలు.

బీఎడ్‌లో మాకు రెండు రకాల రీడింగ్ నేర్పారు. పైపైన చూసి విషయం పట్టుకోవడం స్కిమ్మింగ్. కావలసిన వివరం కోసం వెతుకుతూ చదవడం స్కానింగ్. ఆఫర్ కాగితాలను మనం స్కిమ్మింగ్ చేస్తాం. మన డబ్బు పోయేది మాత్రం స్కానింగ్ చేస్తేనే దొరికే చోట.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగి కాస్త దూరం నడిస్తే చాలు, కోచింగ్ సెంటర్లవి, హాస్టళ్లవి, లోన్లవి పాంప్లెట్లు చేతిలో పెడతారు. అలా వచ్చిన ఒక లోన్ పాంప్లెట్‌ను ఎనిమిదో తరగతిలో అన్‌సీన్ ప్యాసేజ్‌గా ఇచ్చాను. చిన్న మాటల కింద గీత గీయమన్నాను. "అప్ టు" అంటే అంతవరకే, అంతకంటే తక్కువ కూడా ఇవ్వొచ్చు. "ఫ్రమ్" అంటే అక్కడి నుంచి మొదలు, మనకు వర్తించేది ఎక్కువ ఉండొచ్చు. అంకె పక్కన చిన్న నక్షత్రం ఉంటే అసలు షరతు కింద ఉందని అర్థం. "పి.ఎం." దగ్గర ఒక బాబు "సాయంత్రం, మేడమ్" అన్నాడు. అందరం నవ్వుకున్నాం. అక్కడ దాని అర్థం నెలకు అని. నెలకు 1.5 శాతం అంటే ఏడాదికి 18 శాతం. ఆ రెండు అక్షరాలను చూడకుండా దాటితే వడ్డీ పన్నెండో వంతుగా కనిపిస్తుంది.

ఇది నాకు క్లాసు పాఠం కంటే ఎక్కువ. మా అన్నకు ఎల్బీనగర్‌లో చిన్న మొబైల్ షాపు ఉంది. అమ్మ మోకాలి ఆపరేషన్ అప్పుడు కార్డు మీద 60,000 రూపాయల బాకీ పడింది. ఇంకో బ్యాంకు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, బాకీ మార్చుకుంటే మూడు నెలలు వడ్డీ ఉండదని చెప్పింది. అన్న సరేనన్నాడు. వడ్డీ లేదు కదా అని నెలకు 5,000 చొప్పున కట్టాడు. అదే కొత్త కార్డు మీద షాపుకు సరుకు కూడా తెచ్చాడు. నాలుగో నెల బిల్లు తెచ్చి నా ముందు పెట్టి, "చెల్లీ, నువ్వు ఇంగ్లీష్ టీచర్‌వి, ఇదేంటో చూడు" అన్నాడు. వదిన పక్కనే నిలబడి ఉంది. ఆ నెల డబ్బు బాబు రెండో టర్మ్ ఫీజు కోసం తీసిపెట్టుకున్నది.

ఫోన్‌లో చెప్పింది అబద్ధం కాదు. చెప్పనివి నాలుగున్నాయి. బాకీ మార్చినందుకు 2 శాతం ఫీజు. ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ. మూడు నెలలు దాటాక మిగిలినదానికి నెలకు 3.5 శాతం వడ్డీ. పాత బాకీ పూర్తిగా తీరేదాకా కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని రోజులు ఉండవు, కొన్న రోజు నుంచే వడ్డీ. నాలుగూ షరతుల కాగితంలో ఉన్నాయి, చిన్న అక్షరాల్లో, ఇంగ్లీష్‌లో.

ఆ రాత్రి మేం వేసిన లెక్క మీకూ చెబుతాను. మన ఇళ్లలో వడ్డీని శాతాల్లో చెప్పుకోం. నూటికి నెలకు ఎన్ని రూపాయలు అని అడుగుతాం. రెండు రూపాయల వడ్డీ అంటే ఎంత భారమో మా అమ్మకు కాగితం లేకుండానే తెలుసు. కార్డు వడ్డీ 3.5 శాతం అంటే మూడున్నర రూపాయల వడ్డీ. ఆ వడ్డీ మీద జీఎస్టీ కలిపితే నాలుగు రూపాయల పదమూడు పైసలు. "ఆ వడ్డీకి మన కాలనీలో ఎవరైనా అప్పు తెచ్చుకుంటారా?" అని అమ్మ అడిగింది.

ఇక సున్నా సంగతి. 60,000కు ఫీజు 1,200, జీఎస్టీ 216, మొత్తం 1,416 రూపాయలు. నెలకు 20,000 చొప్పున మూడు నెలల్లో తీర్చేస్తే, మన దగ్గర వాళ్ల డబ్బు మొదటి నెల 60,000, రెండో నెల 40,000, మూడో నెల 20,000 ఉన్నట్టు. ఆ లెక్కన 1,416 అంటే నూటికి నెలకు రూపాయి పద్దెనిమిది పైసలు. సున్నా అన్నది అసలు ఇంత. అయినా ఇది మంచి బేరమే. పాత కార్డు మీదే ఉంచి అలాగే తీరిస్తే సుమారు 4,956 రూపాయలు అయ్యేది. అంటే 3,540 మిగిలినట్టు.

నెలకు 5,000 కడితే కథ వేరు. మూడు నెలల తర్వాత ఇంకా 45,000 మిగులుతుంది. నాలుగో నెల దాని మీద వడ్డీ, జీఎస్టీ కలిపి సుమారు 1,858 రూపాయలు. కట్టిన ఐదు వేలలో బాకీ తగ్గేది మూడు వేల పైచిలుకే. షాపు సరుకు మీద పడిన వడ్డీ దీనికి అదనం. చివరికి అమ్మ చిట్టీ డబ్బుతో ఆ బాకీ మూసేశాం. బాబు ఫీజు నెల ఆలస్యంగా కట్టారు. కాబట్టి బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ మంచిదా చెడ్డదా అని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే. గడువులోగా మొత్తం తీర్చగలిగితే మేలు, లేకపోతే అదే బాకీకి ఇంకో ఫీజు.

ఈ విషయంలో రిజర్వ్ బ్యాంకు ఏమీ చెప్పలేదని కాదు. సున్నా శాతం వడ్డీ అనేది అసలు లేదని, ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాన్ని దాస్తున్నారని 2013 సెప్టెంబర్‌లోనే బ్యాంకులకు రాసింది. 2022 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కార్డు నిబంధనల ప్రకారం, వడ్డీ ఉన్న ఈఎంఐని నో కాస్ట్ ఈఎంఐ అని చూపకూడదు. అసలు, వడ్డీ, ఇచ్చిన డిస్కౌంట్ విడివిడిగా ముందే చెప్పాలి. మనం అడగని కార్డు పంపకూడదు. బాకీలన్నీ తీర్చి కార్డు మూసేయమంటే ఏడు పనిదినాల్లో మూసేయాలి, లేకపోతే ఆలస్యమైన రోజుకు 500 రూపాయలు మనకివ్వాలి. అయితే 30 శాతం మించిన కార్డు వడ్డీ అన్యాయమన్న పాత వినియోగదారుల కమిషన్ తీర్పును 2024 డిసెంబర్ 20న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ గీత ఇప్పుడు లేదు. చదువుకోవాల్సింది మనమే.

ఫోన్ వచ్చినప్పుడు ఈ ఐదు అడగండి:

1. జీఎస్టీతో కలిపి ఫీజు ఎన్ని రూపాయలు? శాతం వద్దు, రూపాయల్లో చెప్పమనండి.
2. ఆఫర్ ఏ తేదీన మొదలై ఏ తేదీన అయిపోతుంది?
3. ఆ తర్వాత నూటికి నెలకు ఎంత?
4. ఈలోగా ఈ కార్డు మీద ఏమైనా కొంటే వడ్డీ ఎప్పటి నుంచి?
5. ఇదంతా మెయిల్‌లో పంపుతారా?

ఐదో ప్రశ్నకు "అవసరం లేదు మేడమ్, నేను చెప్తున్నాను కదా" అని జవాబు వస్తే ఫోన్ పెట్టేయండి. చెప్పినదానికి, బిల్లుకు పొంతన లేకపోతే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. వివరాలకు 14448కు ఫోన్ చేయండి.

ఇంకో మాట. మీ ఇంట్లో ఇంగ్లీష్ చదివే పిల్లలున్నారు. ఈ ఆదివారం ఒక కార్డు బిల్లో, పాంప్లెటో ఇచ్చి చిన్న అక్షరాలు పైకి చదవమనండి. నూటికి ఎంత అవుతుందో మీరు చెప్పండి. వాళ్ల ఇంగ్లీష్, మీ లెక్క కలిస్తే దాటిపోయే షరతు ఉండదు. ఓటీపీ మాత్రం ఎవరు అడిగినా చెప్పొద్దని అప్పుడే నేర్పండి.

మీ
ఎనిమిదో తరగతి ఇంగ్లీష్ టీచర్