రేవులు మాఱిన విధము

"మాస్టరుగారూ, బందరనఁగా రేవని చెప్పితిరి గదా, ఓడలెక్కడండీ?" అని భూగోళపాఠమున నొక బాలుఁ డడిగెను. తరగతియంతయు నవ్వెను. మేమును నవ్వితిమి గాని, తగిన యుత్తరము వెంటనే తోఁపలేదు.

1611లో ఇంగ్లీషువారు బందరున వర్తకశాల నెలకొల్పినపుడు లోఁతులేని సముద్ర మొక లోపముగాఁ దోఁపలేదు. ఓడ దూరమున లంగరు వేసికొనఁగా పడవలు కలంకారీ బట్టలను మోసికొని పోవుచుండెను. పిమ్మట సీమ మరనేఁత వచ్చి మన బట్టల గిరాకిని చంపెను. 1864 నవంబరు ఉప్పెనలో ఇంచుమించు 30,000 మంది మరణించిరి. ఆ యుప్పెనయే రేవును ముంచినదని పెద్దలందురు. మా యభిప్రాయము వేఱు. ఉప్పెనకు మున్నే వర్తకము వెడలిపోయినది.

విశాఖపట్టణమున డాల్ఫిన్ నోస్ కొండచాటు బురదనేలను త్రవ్వి 1933లో రేవు తెఱచిరి. రెండు పాత యోడలను ఱాళ్లతో నింపి, కావలెననియే ముంచి, అలల కడ్డుగా నుంచిరి. (బాలురకు పాఠమంతటిలో నిదియే జ్ఞాపకముండును!) మధ్యపరగణాల మాంగనీసు నోడ కెక్కించుట యప్పటి యుద్దేశము, అందులకే రాయపూరు-విజయనగరము రైలుదారి 1931 నాఁటికి సిద్ధమైనది. తరువాత జపానుకు బైలడిల్లా ఇనుపఱాయి కావలసివచ్చెను. అంత పెద్దయోడలు లోపలి రేవున పట్టవు గనుక 1976లో వెలుపలి రేవు వచ్చినది.

ఇంతకంటె పెద్ద మార్పు తెచ్చినది ఒక పెట్టె. 1956 ఏప్రిలులో మెక్లీన్ అను అమెరికా లారీల యజమాని 'ఐడియల్ ఎక్స్' అను నోడపై 58 లోహపుఁ బెట్టెలను న్యూవార్కునుండి హ్యూస్టనుకు పంపెను. నేఁడు కర్మాగారమున మూసిన పెట్టె కొనువాని గిడ్డంగియొద్దఁ దెఱవఁబడును. నడుమ లారీయు, రైలును, ఓడయు మాఱినను లోనిసరకు నెత్తికెత్తుకొను పనిలేదు. విశాఖలో నీ పెట్టెలకై ప్రత్యేకమగు రేవుకట్ట 2003లో పనికి వచ్చెను.

ఈ సంగతి మాకు ఆలస్యముగాఁ దెలిసినది. ఒక రేవున మూటలు మోయు ముఠాకూలి తన కుమారుని బడి మాన్పించి ముఠాలోఁ జేర్చెదనని మాయొద్దకు వచ్చెను. స్థిరమైన పని గదా యని మేము గట్టిగా వారింపలేదు. కొన్ని యేండ్లలో ఆ ముఠా సగమైనది. "మెడలు కాయలు కాచినవి పంతులుగారూ, ఇపుడు పెట్టెలో నేమున్నదో కూడ మాకుఁ దెలియదు" అని తండ్రి చెప్పినపుడు తలవంచుకొంటిమి. ఆ కుమారుఁడు రాత్రులు చదివి, యిపుడు రేవు గుమ్మమున పెట్టెల సంఖ్యలను కంప్యూటరులో నెక్కించుచున్నాఁడు. అది వాని కష్టము. మా సాయ మందేమియు లేదు.

బందరున 2023లో క్రొత్తరేవు పని మొదలైనదని ప్రశ్న వేసిన బాలునికిఁ జెప్పితిమి. "అందు దిగునది బొగ్గా, ఎరువులా, పెట్టెలా?" అని మరల నడిగెను. ఈసారి మేము నవ్వలేదు. ఆ రేవునకు రైలుదారి యెటనుండి వచ్చునో పటముపై గీసి తెమ్మని పంపితిమి.