పార్క్‌లేన్‌లో ఒక పూట

సికింద్రాబాదు వెళ్ళేవారు ఏ పెళ్ళికో, ఏ ఆసుపత్రికో, కాకపోతే ఉజ్జయినీ మహంకాళమ్మ దర్శనానికో వెళతారు. నేను మొన్న వేసవిలో జానెడైనా లేని ఒక పలకను కొనడానికి వెళ్ళాను. దాన్ని గ్రాఫిక్స్ కార్డు అంటారు. అది లేకపోతే మావాడి కంప్యూటరుకు బ్రతుకే లేదట.

2020లో పాఠాలన్నీ ఇంట్లో కూర్చుని వినవలసి వచ్చినప్పుడు, ఏదో ఆఫీసు వాడి వదిలేసిన కంప్యూటరును చవకగా తెచ్చి వాడికిచ్చాను. అది పాఠాలకు సరిపోయింది, ఆటలకు చాలలేదు. తెరమీద బొమ్మలు గీసే పని కూడా అందులో అసలు ప్రాసెసరే నెత్తిన వేసుకుని, ఉన్న మెమరీలోనే కొంత అప్పు తీసుకుని ఎలాగో నెట్టుకొస్తూంటుంది. సినిమాలో సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు కదులుతాయి. మావాడి ఆటలో పదిహేను దాటేవి కావు. పరుగెత్తే మనిషి వరదనీళ్ళలో నడుస్తున్నట్టుండేవాడు. వాడికి కావలసినవి అరవై.

కొత్త కంప్యూటరు కొనమని వాడు అడగలేదు. వాడి దగ్గర 8,000 రూపాయలున్నాయి. అందులో సగం, మా అమ్మ పోవడానికి ముందు వచ్చిన సంక్రాంతినాడు మనవడి చేతిలో పెట్టినవి. రెండేళ్ళుగా వాడు వాటిని ముట్టుకోలేదు. ఆ డబ్బుతో ఆట వస్తువా అని నాకు లోపల కష్టంగానే ఉంది. పైకి అనలేదు.

కాజీపేటలో ప్రొద్దుటి రైలు ఎక్కాం. ఆ దారిన ఎప్పుడు వెళ్ళినా భువనగిరి దాటేదాకా నేను కిటికీ వదలను. ఒకే రాయిగా లేచిన ఆ కొండా, దాని నెత్తిన కోటా ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. ఆరవ విక్రమాదిత్యుడు కట్టించాడంటారని చెప్పబోయాను. మావాడు తలెత్తితేగా! వాడి ఒళ్ళో ఒక నోటుపుస్తకం. అందులో మా కంప్యూటరు డబ్బా లోపలి కొలతలు, స్కేలు పెట్టి కొలిచినవి. దాని ఎస్‌ఎంపీఎస్ శక్తి 240 వాట్లు. కార్డుల పేర్లు, ఒక్కొక్కదాని ఎదుట అది తినే వాట్లు. ఎం.ఏ. పరీక్షకు కూడా నేనింత శ్రద్ధగా చదవలేదు సుమండీ.

సికింద్రాబాదు స్టేషను నుంచి మెట్రోలో పారడైజ్ చేరాం. ఆ పేరు వినగానే బిర్యానీ తలపుకు రానివారుండరు. మావాడికి రాలేదు! తిన్నగా పార్క్‌లేన్ వైపు నడిచాడు.

అక్కడి చెనాయ్ ట్రేడ్ సెంటరును పూర్తి పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ అది ‘సీటీసీ’. అంతస్తు మీద అంతస్తు, నడవా వెంట నడవా, ఎటు చూసినా కంప్యూటరు దుకాణాలే. కొన్ని మా వంటింటి గూటికన్న పెద్దవి కావు. ఒకచోట కుర్రవాడొకడు కుంపటి ముందు కంసాలిలా వంగి కూర్చుని, భూతద్దంలోంచి చూస్తూ తగరం కరిగిస్తున్నాడు. మనుషుల మధ్యనుంచి గ్లాసులు ఒలకకుండా టీ కుర్రాడు దూసుకుపోతున్నాడు. గిరాకీదారుల్లో సగం మంది మావాడి ఈడువాళ్ళే. వెనకాల నాలాగే సంచీ పట్టుకుని దిక్కులు చూసే తండ్రులు.

కొత్త కార్డుల ధరలు విని కిందికి చూశాం. పాతవాటి వేటలో పడ్డాం. ఒక దుకాణంలో ఆర్‌ఎక్స్ 580 చూపించారు. రెండు పంకాలు, 8 జీబీ, ధర రూ. 5,500. ఇంత పెద్దది ఇంత చవకగానా అని నా ప్రాణం లేచివచ్చింది.

“ఇదే తీసుకోరా” అన్నాను.

“ఇదొక్కటే 185 వాట్లు తింటుంది నాన్నా. మనకున్నవి మొత్తం 240. ఎస్‌ఎంపీఎస్ మార్చాలి. బయట దొరికేది మన డబ్బాలో తిన్నగా కుదరదు.”

గుర్రం చవకే, గుగ్గిళ్ళే మన వల్ల కావు. అయినా నేను పట్టు వదల్లేదు. పెట్టి చూపించమని మావాడు అడిగాడు. కుదరదన్నారు. అంతే, వాడు నన్ను చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చాడు.

పెట్టి చూడనిదే కొనకూడదట. 2022 సెప్టెంబరు దాకా ఇలాంటి కార్డులతో ఎథీరియమ్ నాణేలను ‘తవ్వేవారు’. రాత్రింబవళ్ళు నడిచి అలిసిపోయిన కార్డులు, ఆ తవ్వకం ఆగిపోగానే బజారున పడ్డాయి. ఇది చాలక, పాతకాలపు కార్డుకు కొత్త పేరు అంటగట్టి అమ్మే ఘనులూ ఉన్నారు. కంప్యూటరు కూడా ఆ పేరునే నమ్ముతుంది. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాధనం లోపలి చిప్పును చదివి గుట్టు బయటపెడుతుంది.

పై అంతస్తులో ఒక మూల, నెరిసిన గడ్డం పెద్దమనిషి దుకాణంలో మావాడి జాబితాలోని కార్డు దొరికింది. జీటీఎక్స్ 1650, 2019లో వచ్చిన రకం, 4 జీబీ.

“డెబ్బై అయిదు వాట్లే తీసుకుంటది సార్. అది స్లాటే ఇస్తది. వేరే వైరు అక్కర్లేదు. కొన్ని కంపెనీలవాటికి కావాలె, దీనికి వద్దు” అని, మేము అడక్కుండానే తన కంప్యూటరులో బిగించాడు. అరగంట సేపు దానిచేత చాకిరీ చేయించాడు. తెరమీద మచ్చలు పడలేదు, పంకా గరగరలాడలేదు. ఈలోగా నాకు టీ వచ్చింది. ధర రూ. 6,800. నేను బేరమాడుతూంటే మావాడు సిగ్గుతో చితికిపోయాడు. ఆరున్నర వేలకు తెగింది. ఒక నెల పూచీ అని చీటీ మీద రాసిచ్చాడు పెద్దమనిషి.

తిరుగు రైల్లో ఆ పెట్టెను వాడు ఒళ్ళోంచి దించలేదు. ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిదయింది. స్నానం లేదు, భోజనం లేదు. డబ్బా విప్పాడు, కార్డు బిగించాడు, మీట నొక్కాడు. పంకా తిరిగింది. తెర మాత్రం నల్లగానే ఉంది. తీసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ నలుపే. వాడి ముఖం చూడలేక నేను గోడవైపు చూశాను. గోడమీద మా అమ్మ ఫోటో.

పదకొండు గంటలకు మా ఆవిడ కంచం పట్టుకుని వచ్చింది. రోజూ ఆ డబ్బా దుమ్ము దులిపేది తనే.

“కొత్తది పెట్టారు గదా, తెర తీగ ఇంకా పాత కంతలోనే ఉందేం?” అంది.

మావాడు నాలిక కరుచుకున్నాడు. కార్డు బిగిస్తే తెర తీగ కూడా కార్డుకే తగిలించాలి! తగిలించాడు. తెర వెలిగింది.

ఆట నడుస్తూంటే మూల ఒక చిన్న అంకె కదిలేది: యాభై ఎనిమిది, అరవై, అరవై ఒకటి. “నానమ్మ ఉంటే ఈ కారు నడపమనేవాణ్ణి” అన్నాడు వాడు తెరమీంచి కళ్ళు తిప్పకుండా. మిగిలిన 1,500 రూపాయలూ అప్పటికే ఆవిడ ఇచ్చిన కవరులో వేసి, పుస్తకాల అడుగున దాచేశాడు.