తాళాలు ఇచ్చేలోగా

జూలై 9, 2023. ట్రాయ్, మిషిగన్

క్లచ్ తొక్కుతుంటే ఎడమ మోకాలు మళ్లీ పట్టేసింది. సిగ్నల్ దగ్గర వెనక బండ్లవాళ్లు హారన్లు మోగించారు. ఇంటికొచ్చి గరాజులో బండి ఆపి, అరగంట సీట్లోనే కూర్చున్నాను. "అమ్మేద్దాం" అని చివరికి నేనే అన్నాను. మా ఆవిడ మారుమాట్లాడలేదు. కాఫీ గ్లాసు బండి ఫెండర్ మీద పెట్టబోయి, అలవాటు గుర్తొచ్చి, బల్ల మీద పెట్టింది.

జూలై 11

1966 పాంటియాక్ జీటీవో. బారియర్ బ్లూ రంగు. 389 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజను, అంటే దాదాపు 6.4 లీటర్లు. మన్సీ నాలుగు గేర్ల బాక్సు, హర్స్ట్ గేరు రాడ్డు. ఇంత ఇంజనుకీ నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. ఆ ఏడాది డిస్కులు లేవు.

నేను కొన్నది 2009లో, పాంటియాక్ పేరునే మూసేస్తున్నామని జనరల్ మోటార్స్ (జీఎం) ప్రకటించిన ఏడాది. అప్పటికి డిక్కీ అడుగు, డ్రైవరు కాళ్ల కింద రేకు, వెనక క్వార్టర్ ప్యానెళ్లు తుప్పుపట్టి జల్లెడలా ఉన్నాయి. ఇక్కడ చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ ఊరి కిందే ఉప్పు గని ఉంది. బండిని కన్నదీ ఈ నేలే, దాన్ని తినే ఉప్పూ ఈ నేలదే.

బాగుచేయడానికి తొమ్మిదేళ్లు పట్టింది. విజయవాడ ఆటోనగర్‌లో మా మేనమామ షెడ్డుంది. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే రింగుపానాలు అందించే పని నాది. తుప్పు మీద లప్పం పూయడం ఆయనకి గిట్టేది కాదు. కోసి పారెయ్, కొత్త రేకు అతుకు, అనేవాడు. నేనూ అదే చేశాను.

జూలై 12

ప్రకటన రాద్దామని కూర్చుంటే ముందు లోపాలే రాశాను. ప్యానెళ్లు కొత్తవి. రంగు కొత్తది. అన్నిటికన్నా పెద్దది: మూడు కార్బురేటర్ల ట్రై-పవర్ నేను పెట్టింది, ఫ్యాక్టరీ పెట్టింది కాదు. పాంటియాక్ బండ్ల ఫ్యాక్టరీ బిల్లుల నకళ్లు పీహెచ్ఎస్ అనే సంస్థ ఇస్తుంది. మా బండి బిల్లులో ఉన్నది ఒకే ఒక్క ఫోర్ బ్యారెల్ కార్బురేటరు, 335 హార్స్‌పవర్. ట్రై-పవర్‌తో పుట్టిన బండి అయితే 360. అమ్మకంలో ఆ రెండింటికీ చాలా తేడా.

సాయంత్రం వచ్చిన స్నేహితుడు చదివి, "ఆ బిల్లు మీరుగా చూపించడం దేనికండీ, అడిగితే అప్పుడు చూద్దాం" అన్నాడు. నా మంచి కోరే మనిషే. కానీ ఒకరు నమ్మి కొంటారు, అదే నమ్మకంతో ఇంకొకరికి అమ్ముతారు. నేను పోయాక కూడా నా అబద్ధం రోడ్ల మీద తిరుగుతూనే ఉంటుంది. ఆ బిల్లు ఫైల్లో మొదటి పేజీగా పెట్టాను.

జూలై 20

ఫోన్లో ఒక కుర్రాడు: "ఇది నిజంగా జీటీవోనేనా, లె మాన్స్‌కి బ్యాడ్జీలు తగిలించారా?"

కోపం రాలేదు. అడగాల్సిన ప్రశ్నే. జీఎంలో అప్పట్లో మధ్యరకం బండికి 330 క్యూబిక్ అంగుళాలు మించిన ఇంజను పెట్టకూడదని కట్టుబాటు. పాంటియాక్‌లో జాన్ డెలోరియన్ బృందం 389ని కొత్త మోడల్ అనకుండా, టెంపెస్ట్ లె మాన్స్ కొనేవాళ్లు కోరితే ఇచ్చే అదనపు ప్యాకేజీగా అమ్మి ఆ గీత దాటింది. అందుకే 1964, 65 బండ్ల నంబరు చూసి జీటీవో అవునో కాదో చెప్పలేం. 1966లో సొంత మోడల్ అయింది, నంబరు 242తో మొదలవుతుంది. తలుపు పక్క స్తంభం మీది పలకను ఫోటో తీసి పంపాను. మళ్లీ ఫోన్ రాలేదు.

జూలై 28

నిద్ర పట్టలేదు. 1-8-4-3-6-5-7-2. సిలిండర్లు అంటుకునే వరస. లెక్కపెడుతూ పడుకున్నాను.

ఆగస్టు 3

బండి చూడకుండానే అడిగినంత ఇస్తానన్నాడొకడు. నాలుగు వేలు ఎక్కువకే క్యాషియర్స్ చెక్కు పంపుతాడట, ఆ మిగులు బండిని తీసుకెళ్లే ట్రక్కువాడికి నేను ఇచ్చేయాలట. మా అమ్మాయికి చెప్పాను. "నాన్నా, అది మోసం, వాడితో ఇంక మాట్లాడకు" అంది.

ఆగస్టు 6

ఒకాయన అయస్కాంతానికి గుడ్డ చుట్టి చక్రాల పైఅంచుల వెంట జరుపుకుంటూ పోయాడు. లప్పం ఉన్నచోట అది జారిపోతుంది. ఎక్కడా జారలేదు. బేరం కుదరకపోయినా ఈ రోజంతా సంతోషంగా ఉన్నాను.

ఆగస్టు 19

వుడ్‌వార్డ్ డ్రీమ్ క్రూజ్. ఆగస్టు మూడో శనివారం. 1995లో ఫెర్న్‌డేల్‌లో మొదలైన పాత బండ్ల జాతర ఇప్పుడు వుడ్‌వార్డ్ ఎవెన్యూ పొడవునా పాంటియాక్ ఊరి దాకా సాగుతుంది. మా బండి నంబరులో "పి" అక్షరం ఉంది, అంటే ఆ ఊరి ఫ్యాక్టరీలోనే తయారైంది. దాన్ని పుట్టింటి దాకా తీసుకెళ్లాలని నాకు పట్టుదల. మోకాలికి పట్టీ కట్టుకుని వెళ్లాను.

దారి పక్కన మడత కుర్చీలో కూర్చున్న పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. ఆ ఫ్యాక్టరీలో పనిచేశాడట. హుడ్ ఎత్తమన్నాడు. లేతనీలం ఇంజను, దాని మీద వరసగా మూడు కార్బురేటర్లు. మామూలుగా మధ్యదే పనిచేస్తుంది, యాక్సిలరేటరు దాదాపు అడుగంటా తొక్కితేనే మిగతా రెండూ తెరుచుకుంటాయి. ఆ చప్పుడు వినాలని ఉందన్నాడు. అంత రద్దీలో తొక్కలేకపోయాను. అది మనసులో ఉండిపోయింది.

ఆగస్టు 26

టొలెడో నుంచి ఒకావిడ, తండ్రిని వెంటబెట్టుకుని. ఆవిడ బస్సుల మెకానిక్. వచ్చీ రాగానే నేల మీద అట్ట పరుచుకుని, టార్చి తీసుకుని బండి కిందికి దూరింది. నలభై నిమిషాలు. బయటికొచ్చి అడిగింది: వాల్వు సీట్లు గట్టివి వేయించారా? వేయించాను, సీసం లేని పెట్రోలుకి పాతవి అరిగిపోతాయని. రబ్బరు గొట్టాలు? ఇథనాల్‌కి తట్టుకునేవి. ఆయిల్? జింకు ఎక్కువున్నది, లేకపోతే క్యామ్ అరిగిపోతుంది.

ఫైలు మొదటి పేజీ చదివి, "మరి ఆ ఫోర్ బ్యారెల్ కార్బురేటరు ఏమైంది?" అంది.

ఇన్ని వారాల్లో ఈ మాట అడిగినవాళ్లు లేరు. అటక మీంచి డబ్బా దింపాను. కార్బురేటరు, దాని మేనిఫోల్డు, నూనెగుడ్డలో చుట్టి ఉన్నాయి. రెండు చేతులతో ఎత్తి చూసి తండ్రికి అందించింది. నేను 58 వేల డాలర్లు అడిగాను, 54 అంది. బేరమాడలేదు.

సెప్టెంబరు 1

బ్యాంకులోనే కలిశాం. డబ్బు నా ఖాతాలో పడిందని చెప్పాకే టైటిల్ మీద సంతకం పెట్టాను. నంబరు ప్లేటు నేనే విప్పాను, మిషిగన్‌లో అది అమ్మినవాళ్ల దగ్గరే ఉంటుంది. డబ్బా ట్రక్కు ముందు సీట్లో పెట్టించాను. ట్రైలరు మలుపు తిరిగేదాకా మా ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

సెప్టెంబరు 10

పొద్దున్నే టొలెడో నుంచి ఫోన్. చల్లగా ఉంటే స్టార్ట్ కావడం లేదంది. ముందు పెడల్ రెండుసార్లు పూర్తిగా తొక్కి వదలండి, చోక్ పడుతుంది, తరవాత కాలు తీసేసి తాళం తిప్పండి, అన్నాను. ఫోన్ సీటు మీద పెట్టినట్టుంది. వంటింట్లోంచి మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. స్పీకరు పెట్టాను. ఇంజను ఒకసారి దగ్గింది, రెండోసారి అందుకుంది. మధ్య కార్బురేటరు మీద, నింపాదిగా.