వాన మొత్తం కాదు, వాన వరుస

ఖుర్సీపార్ వీధుల్లో తెలుగు మాట వినబడడం వింత కాదు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయి ఉక్కు కర్మాగారపు తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ తరువాతి దశాబ్దాలలో ఉత్తరాంధ్ర పల్లెల నుండి బ్రతుకుతెరువు వెదుక్కుంటూ వచ్చిన కుటుంబాలెన్నో ఇక్కడ స్థిరపడ్డాయి. వానను నమ్ముకొన్న సేద్యం కంటే నెల జీతం మేలని తలచినవారు వారిలో ఎందరో. కొలిమికి కార్తెలతో పనేమిటి?

కాని ఉక్కుకూ నీరే ఆధారం. కర్మాగారానికి నీరిచ్చే జలాశయాలలో బాలోద్ వద్దనున్న తాందులా ఒకటి. 1921లో పూర్తయిన ఆ ఆనకట్ట పుట్టింది పొలాల కోసం. వాన మొగం చాటేసిన ఏడు రైతూ, కార్మికుడూ ఒకే నీటివైపు చూడవలసి వస్తుంది.

ఛత్తీస్‌గఢ్ ఎడారి కాదు. అక్కడ ఏటా సగటున వెయ్యి మిల్లీమీటర్లకు మించి వర్షం కురుస్తుంది. అయినా కరవు తప్పడం లేదు. 2015లోనూ, 2017లోనూ అనేక తాలూకాలను కరవు ప్రాంతాలుగా ప్రకటించవలసి వచ్చింది. అక్కడి రైతు వెదజల్లిన వరి నెలనాళ్ళు ఎదిగాక, నీరు నిలిచిన మడిలో తిరిగి నాగలి దున్నుతాడు. దానిని బియాసీ అంటారు. కలుపు అణగి, పైరు పలచబడి, బలం పుంజుకొంటుంది. ఆ పది పదిహేను రోజులూ చినుకు లేకపోతే, తరువాత కుంభవృష్టి కురిసినా పోయిన అదను తిరిగి రాదు.

మధ్య భారతంలో 1951 నుండి 2000 వరకు భారీ వర్షాలు పెరిగాయనీ, ఓ మోస్తరు వానలు తగ్గాయనీ 2006లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. కారణం విడ్డూరమైనది కాదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం అధికంగా తేమను పట్టుకోగలదు. దానిని ఒక్కసారిగా కుమ్మరించగలదు.

స్వస్థలానికీ ఊరట లేదు. 2018 అక్టోబరు 11న పలాస సమీపాన తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో తరాల నాటి కొబ్బరిని, జీడిమామిడిని నేలకూల్చింది.

ప్రపంచమంతటా వెలువడే బొగ్గుపులుసు వాయువులో 7 నుండి 9 శాతం ఉక్కు పరిశ్రమదే. అన్నం పెట్టిన కొలిమిని నిందించడం కార్మికునికి సులభం కాదు. నిందతో చెరువు నిండదు కూడా. కొలిమి పొగ తగ్గాలి, వాడిన నీటిని మళ్ళీ వాడాలి, ఊరి చెరువుల పూడిక తీయాలి. వాన తన వరుస మార్చుకొన్నప్పుడు, మనిషి తన అలవాటు మార్చుకోక తప్పదు.